బూడిద గుట్టల నుంచి బ్రహ్మంగారి మఠం దాకా

ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినన్నాళ్లూ, మానవ పరిణామం పాఠం మొదలుపెట్టగానే వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు లేచేవాళ్లు. "మొదటి మనిషి ఎవరు మేడం?" జావా అని, పెకింగ్ అని, ఆఫ్రికా అని నాలుగు పేర్లు చెప్పి, పరీక్షలో ఏది వస్తుందో చెప్పి, బెల్లు కొట్టేదాకా నెట్టుకొచ్చేదాన్ని. ఆ పాఠంలో మా కర్నూలు పేరు ఎక్కడా ఉండదు. ఇక్కడి గవుల్లో, అంటే గుహల్లో, వాగుల ఒడ్డున ఎంత సామాను దొరికిందో నాకే రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటే గానీ తెలియలేదు. అదే సమయంలో మా వదినకు బ్రహ్మంగారి మఠం మొక్కు తీర్చాల్సి వచ్చింది. దారి ఎలాగూ ఒకటే కాబట్టి ఆమె దేవుడూ నా రాళ్లూ ఒకే కారులో బయల్దేరాయి.

శుక్రవారం, బేతంచెర్ల

కర్నూల్లో పొద్దున్నే ఉగ్గాణి, బజ్జి తిని ఎక్కాం. డ్రైవరు ముప్పై దాటని కుర్రాడు, ఆళ్లగడ్డ దగ్గర పల్లె. డోన్ దాటి బేతంచెర్ల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ చూసినా నాపరాయే. ఇళ్ల గోడలు, కప్పులు, చేల గట్లు, పశువుల తొట్లు, అన్నీ బండలే. రోడ్డు పక్క పాలిష్ ఫ్యాక్టరీల ముందు కోసిన బండలు గోడకు ఆనించి వరసగా నిలబెట్టి ఉన్నాయి. బండ కోసే మిషన్ల దగ్గర పనిచేసే వాళ్ల కనుబొమ్మలు కూడా తెల్లగా అయిపోయాయి. ఈ నేలలో మనిషికీ రాయికీ లావాదేవీ ఆగింది లేదు.

బిల్లసర్గం గవులు చూడాలంటే చివరికి కొంత నడవాలి. పైకప్పు కూలిపోయిన సున్నపురాయి లోయ అది. రెండు వైపులా నిట్టనిలువు గోడలు, నడుమ సహజంగా ఏర్పడ్డ రాతి కమాను, గోడల్లో చీకటి నోళ్లు. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఇక్కడ తవ్వారు. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించి, ఈ దేశంలో ఆదిమానవుడి చరిత్రకు తలుపు తీసింది ఈ ఫుట్ దొరే. ఇక్కడ దొరికిన ఎముకల్లో ఇప్పుడు లేని ఒక ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. దానికి లిడెక్కర్ అనే శాస్త్రవేత్త మన ఊరి పేరే కలిపి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని పెట్టాడు. కర్నూలు ఎండలో ఖడ్గమృగం అంటే వదిన నమ్మలేదు. "అప్పుడు నీళ్లు ఉండేవేమో" అంది, నమ్మకపోయినా కారణం వెతుకుతూ.

నాకు మాత్రం ఖడ్గమృగం కంటే పొయ్యి ముఖ్యం. ఇదే ప్రాంతంలో ముచ్చట్ల చింతమాను గవి అని ఇంకోటి ఉంది. 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వితే ఎముకలతో చేసిన పనిముట్లు బోలెడు దొరికాయి, వాటితో పాటు మట్టి కాలి గట్టిపడ్డ పొయ్యి ఒకటి. దాని వయసు సుమారు 17,000 ఏళ్లు. ఈ సంగతి చెప్తుంటే వదిన బండ మీద కూర్చుని చెప్పులోంచి రాయి తీసుకుంటూ, "పొయ్యి ఉందంటే వంట చేసినావిడ ఉంది. ఆమె తినకముందే ఎవడో ఇంకొంచెం వేయమని ఉంటాడు" అంది.

నవ్వాను గానీ, ఆలోచిస్తే నా పాఠ్యపుస్తకం కంటే అది నయం. పుస్తకం మనిషిని పుర్రె కొలతతో మొదలుపెడుతుంది, ఇన్ని సీసీల మెదడు అని. పొయ్యి దగ్గర మొదలుపెడితే వేరే లెక్క వస్తుంది. నిప్పును ఆరకుండా చూసేవాళ్లు ఒకరుండాలి. పచ్చిమాంసం అక్కడికక్కడ తినకుండా గవిదాకా మోసుకొచ్చేవాళ్లు ఉండాలి. ఆకలేస్తున్నా ఉడికేదాకా ఆగాలి. ఉడికాక ఎవరికెంత అనే తగాదా ఎలాగూ ఉంటుంది.

శనివారం, జ్వాలాపురం

రాత్రి బనగానపల్లెలో దిగాం. పొద్దున టీ కొట్టు దగ్గర వదిన డ్రైవర్ని మెల్లగా కదిపింది. పేరు అడిగింది, పెళ్లయిందా అంది, చివరికి అసలు సంగతికి వచ్చింది. "మీరు ఏమిట్లోళ్లు నాయనా?" ఆ అబ్బాయి గ్లాసు కింద పెట్టి, "డ్రైవర్లమమ్మా" అన్నాడు. వదినకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. నాకు నవ్వొచ్చింది, కానీ నాకూ తెలుసుకోవాలనే ఉంది. ఆమె అడిగింది, నేను అడగలేదు, అంతే తేడా.

జ్వాలాపురం బనగానపల్లె మండలంలోనే, జుర్రేరు వాగు లోయలో ఉంది. ఆ పేరు పెట్టిన వాళ్లకు అగ్నిపర్వతం సంగతి తెలిసే అవకాశమే లేదు. 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియా సుమత్రా దీవిలో టోబా పేలింది. గత ఇరవై లక్షల ఏళ్లలో అంతకు మించిన పేలుడు లేదంటారు. దాని బూడిద 2,500 కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణించి ఇక్కడ పడింది. వానలకు కొట్టుకొచ్చి ఈ లోయలో పేరుకుంది, కొన్నిచోట్ల మనిషి ఎత్తు మించి.

తవ్విన గుంట అంచున నిలబడితే ఎర్రమట్టి నడుమ తెల్లటి మందపాటి పొర కళ్లకు కొట్టినట్టు కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటే ముగ్గుపిండిలా జారిపోతుంది. వేళ్ల మధ్య నలిపితే మాత్రం సన్నగా గరగర. పాత ల్యాబులో వాడిన భూతద్దం తెచ్చుకున్నాను కాబట్టి అరచేతిలో పోసుకుని ఎండకు పెట్టి చూశాను. అది మన పొయ్యి బూడిద కాదు, గాజు. కంటికి ఆనీ ఆననంత గాజు పలుకులు, తల తిప్పినప్పుడల్లా మెరుస్తున్నాయి.

మేకలు తోలుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన మా పక్కనే ఆగాడు. "ఏమ్మా, యాడనుంచి వచ్చినారు? దీన్ని చూడనీకి దొరలు వస్తాంటారు" అన్నాడు. ఇంత గుంట ఎవరు తవ్వారని అడిగాను. "గిన్నెలు తోమే పొడికంట. లారీలకు ఎత్తి పంపుతాండ్రి" అన్నాడు. భూమినంతా వణికించిన బూడిద ఎవరి ఇంట్లోనో అంటు గిన్నెల మీద పడి తూములోకి పోయిందన్న మాట. నాకెందుకో బాధ కలగలేదు. మనుషులు అలాంటివాళ్లే. ప్రళయం దొరికినా దేనికి పనికొస్తుందా అని చూస్తారు.

అసలు విషయం బూడిదలో లేదు, దాని కిందా పైనా ఉంది. అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న మైకేల్ పెట్రాలియా, ధార్వాడ్ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్, వాళ్ల బృందం ఇక్కడ తవ్వి 2007లో సైన్స్ పత్రికలో రాశారు. బూడిద పడకముందు పొరలో రాతి పనిముట్లు ఉన్నాయి. బూడిద పడ్డాక పొరలోనూ ఉన్నాయి. రెండూ ఇంచుమించు ఒకే తీరు. అంటే ఆకాశం నుంచి గాజు కురిసి, నీళ్లు పాడై, చెట్లు మాడిపోయిన తర్వాత కూడా ఈ లోయలో ఎవరో మళ్లీ కూర్చుని, అదే పద్ధతిలో రాయి మీద రాయి కొట్టారు.

ఎవరు వాళ్లు? ఇక్కడే పండితుల తగాదా. మనలాంటి ఆధునిక మానవులే అని పెట్రాలియా బృందం వాదించింది. ఆఫ్రికా నుంచి మన జాతి అంత తొందరగా ఇక్కడికి రాలేదు, వాళ్లు వేరే పాత మానవజాతి అయ్యుండొచ్చు అని మరికొందరు. ఆ పొరల్లో ఒక్క మనిషి ఎముక దొరకలేదు కాబట్టి తెగలేదు. ఆ పక్కనే ఒక రాతి చరియ కింద మాత్రం 35,000 ఏళ్ల నుంచి వరసగా మనుషులున్న జాడలు, చిన్న చిన్న రాతి అలుగులు, పూసలు దొరికాయి. పూస దొరికితే ఇక ఎవరూ మాట్లాడరు. పూస గుచ్చుకున్న వాళ్లు మనవాళ్లే అని అందరూ ఒప్పుకుంటారు.

నాకు ఈ తీర్పు మింగుడు పడదు. రాయి కొట్టడం చూస్తే తెలుస్తుంది. పెచ్చు రావాల్సిన ఆకారం ముందే మనసులో ఉండాలి. దానికి తగ్గట్టు రాయిని చుట్టూ చెక్కి సిద్ధం చేసుకుని, ఆ తర్వాత ఒకే దెబ్బ వేయాలి. ఇది చూసి నేర్చుకునేది. నేర్పేవాడు ఎన్నో రాళ్లు పాడవుతున్నా ఓర్చుకోవాలి, నేర్చుకునేవాడు వేళ్లు చితికినా లేచిపోకూడదు. పిల్లలకు పాఠం చెప్పి బతికినదాన్ని, ఆ ఓర్పు ఎంత కష్టమో నాకు తెలుసు. అలాంటి వాళ్లను పట్టుకుని, పూస లేదు కాబట్టి మీరు మనుషులో కాదో ఇంకా తేల్చలేదు అంటున్నాం.

మధ్యాహ్నం యాగంటి. పుష్కరిణిలో నీళ్లు చల్లగా, ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున పడ్డ రూపాయి బిళ్లలు కనిపిస్తున్నాయి. శివపార్వతులు ఒకే రాయిలో ఉన్న గుడి. నంది పెరుగుతోందని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తుందని వదిన డ్రైవరుకు వివరంగా చెప్పింది. అగస్త్యుడి శాపం వల్ల కాకులు రావంటారు. నేను ఆకాశం వంక చూస్తూనే ఉన్నాను, నిజంగానే ఒక్కటీ కనపడలేదు. కోతులు మాత్రం ఏ శాపమూ లేకుండా హాయిగా ఉన్నాయి.

సాయంత్రం బనగానపల్లెకు తిరిగొచ్చి రవ్వలకొండ ఎక్కాం. గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట్లో పశువుల కాపరిగా చేరిన వీరబ్రహ్మం, ఆవుల చుట్టూ గీత గీసి వదిలేసి, ఈ గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాశాడని కథ. కాపరి పని ఎగ్గొడుతున్నాడేమో అని అచ్చమ్మ వెనకే వచ్చి చూసిందట. నాకు ఆ కథలో ఇష్టమైన భాగం మహిమ కాదు. జీతానికి పెట్టుకున్న మనిషి మీద అనుమానంతో వచ్చిన యజమాని, అతనిలో ఇంకో మనిషిని చూసి నిలబడిపోవడం.

ఆదివారం, బెలుం

కొలిమిగుండ్ల వైపు రోడ్డు బాగుంది. సిమెంటు లారీలు ఎక్కువ. బెలుం గుహల్లో కనుక్కున్న పొడవు 3,229 మీటర్లు, అందులో మనల్ని తిప్పేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. ఒకప్పుడు జైన, బౌద్ధ భిక్షువులు ఇక్కడ ఉండేవాళ్లట. మెట్లు దిగుతుంటేనే చెమట మొదలైంది. గాలి గొట్టాలు పెట్టారు గానీ ఆదివారం జనానికి అవి చాలవు. కోటిలింగాల దగ్గర రద్దీ, కొడితే స్వరం పలికే రాళ్ల దగ్గర ఇంకా రద్దీ. వీటి గురించి అందరూ రాశారు, నేను రాయను.

పాతాళగంగ వైపు పోయే సందులో మాత్రం ఒక నిమిషం జరిగింది చెప్పాలి. గైడు అందర్నీ ఫోన్లు ఆర్పేయమని, చీకటంటే ఏమిటో చూపిస్తానని లైటు తీసేశాడు. అలాంటి చీకటి బయట దొరకదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనకనుంచి ఒక కాలేజీ కుర్రాడు దయ్యంలా మూలిగాడు. పక్కన పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. ఆమె తల్లి ఒకే పేరును మళ్లీ మళ్లీ పిలుస్తోంది, పిల్ల ఆమె చంకలోనే ఉన్నా. ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. వదిన అనుకున్నాను. గాజులు లేవు, చెయ్యి గరుకుగా ఉంది. నేనూ వదిలించుకోలేదు. లైటు వచ్చేసరికి ఆ చెయ్యి లేదు, చుట్టూ ఉన్న ముఖాల్లో ఎవరిదో పోల్చలేకపోయాను.

దయ్యంలా మూలిగిన కుర్రాణ్ణి వదిన గట్టిగానే తిట్టింది. వాడు తలొంచుకున్నాడు. తిరిగి మెట్లెక్కేటప్పుడు ఆ తల్లికి ఆయాసం వస్తే పిల్లను భుజాన వేసుకుని పైదాకా మోసింది వాడే. పైకి రాగానే వదిన, "మంచోడే పాపం" అని తీర్పు మార్చేసింది. వాడు దించిన మరుక్షణం స్నేహితుల దగ్గరికి పోయి మళ్లీ అదే మూలుగు మూలిగి చూపిస్తున్నాడు. అది ఆమె చూడలేదు, నేను చెప్పలేదు.

రాత్రికి జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు చేరి పడుకున్నాం.

సోమవారం, కందిమల్లాయపల్లె

మైదుకూరు దాటాక పొలాలు, చింతచెట్లు, దూరంగా నల్లమల కొండల వరస. కందిమల్లాయపల్లె అంటే ఇప్పుడు ఎవరూ చెప్పరు, బ్రహ్మంగారి మఠం అంటేనే. ఆయన సజీవ సమాధి అయింది 1693 వైశాఖ శుద్ధ దశమి నాడని మఠం సంప్రదాయం. సోమవారం కావడంతో జనం తక్కువ. వదిన మొక్కు తీరేదాకా నేను బయట అరుగు మీద కూర్చున్నాను.

కక్కయ్య కథ ఇక్కడికి వచ్చేవాళ్లందరికీ తెలుసు. అతను మాదిగ. బ్రహ్మంగారు తన శిష్యుడు సిద్ధయ్యకు దేహతత్వం బోధిస్తుంటే దూరం నుంచి విన్నాడు. ఈ శరీరంలోనే ఆరు చక్రాలున్నాయి, ఒక్కో చక్రంలో ఒక్కో దేవత ఉంది. విన్నవాడు ఇంటికి పోయి, నిద్రపోతున్న భార్యను చంపి, కోసి చూశాడు. నెత్తురు, పేగులు తప్ప ఏ దేవతా కనపడలేదు. నువ్వు చెప్పింది అబద్ధం అని ఏడుస్తూ బ్రహ్మంగారి మీదికి వచ్చాడు. ఆయన వెళ్లి, చూపించాల్సింది చూపించి, ఆమెను బతికించాడు. కక్కయ్య శిష్యుడయ్యాడు.

నేను ఇన్నేళ్లు ల్యాబులో చేయించిన పని ఇదే. మైనపు ట్రేలో కప్పను వెల్లకిలా పరిచి, గుండుసూదులు గుచ్చి, ఇది గుండె, ఇది కాలేయం అని జెండాలు పెట్టించడం. పిల్లలు జెండాలన్నీ సరిగ్గా పెట్టేవాళ్లు. కప్ప గెంతుతుందన్న సంగతి మాత్రం ఆ ట్రేలో ఎక్కడా ఉండేది కాదు. అందుకే కక్కయ్యను చూసి నవ్వలేను. చుట్టూ ఉన్నవాళ్లు విని తలూపారు, అతనొక్కడే నిజమా కాదా అని పరీక్షించాడు. గురువు దగ్గర కూర్చోబెట్టి చెప్పించుకునే భాగ్యం లేని కులంలో పుట్టి, దూరం నుంచి విన్నమాటను అంత గట్టిగా పట్టుకున్నాడు.

కానీ కత్తి పెట్టింది ఎవరి మీద? తన ఒంట్లోనూ అవే చక్రాలు ఉండాలి కదా. నిద్రపోతున్న ఆమే ఎందుకు దొరికింది? మనిషి అంటే ఏమిటో తేల్చాలనుకున్న ప్రతివాడూ ఎదుటి మనిషినే కోస్తాడు. కక్కయ్యను ఊరు దూరం నుంచి వినమంది, కక్కయ్య ఆమెను అదీ అడగలేదు. జ్వాలాపురం వాళ్ల విషయంలో మనం చేస్తున్నదీ ఇదే. మనం మనుషులమని ఎవరికి రుజువు చేశాం?

వదిన బయటికి వచ్చాక ఇదంతా చెప్తే, "తన్ను తాను కోసుకుంటే ఏం కనపడిందో చెప్పనీకి వాడు ఉండొద్దా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి ఆమే మళ్లీ, "అయితే ఆమె లేచినాక వాడితోనే కాపురం చేసిందా?" అంది. కొబ్బరికాయలు అమ్మే అవ్వ మా మాటలు వింటూనే ఉంది. చిల్లర లెక్కపెడుతూ, తలెత్తకుండా అంది, "చేయక యాడికి పోతాది?"

ముడుమాల

సిద్ధయ్య సమాధి ఉన్న ముడుమాల దగ్గరే. అతను దూదేకుల పిల్లవాడు, పీరు సాహెబు కొడుకు. ఇల్లు వదిలి బ్రహ్మంగారి దగ్గర చేరాడని తండ్రి కడప నవాబుకు మొరపెట్టుకుంటే, నవాబు పిలిపించాడు. సిద్ధయ్య సలాం చేయలేదు. నా నమస్కారం ఎవరూ తట్టుకోలేరని, కావాలంటే చూడమని ఒక బండకు పెడితే అది ముక్కలైందట. అధికారం ముందు చెయ్యెత్తనందుకు ఇంతకంటే మర్యాదైన సాకు ఇంకోటి లేదు.

డ్రైవరు చెప్పులు విడిచి, మాకంటే ముందే లోపలికి పోయాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక వదినతో, తనంతట తానే, "మేము దూదేకులోళ్లమే అమ్మా. మా తాత పేరు సిద్ధయ్య" అన్నాడు. వదిన "మంచిది నాయనా" అంది. ఇంకేమీ అనలేదు. ఆమెను ఎరిగినదాన్ని, ఆ రెండు మాటలకు ఆమె ఎంత వెతుక్కుందో నాకు తెలుస్తుంది.

కారెక్కాక పూల సంగతి వచ్చింది. సమాధిలోకి దిగే రోజు బ్రహ్మంగారు సిద్ధయ్యను పూలు తెమ్మని బనగానపల్లెకు పంపాడు. అతను తెచ్చేలోపల అంతా అయిపోయింది. మూసిన సమాధి మీద పడి ఏడ్చాడు. గురువు లోపలినుంచి పలికి, తన పాదుకలు, దండం, కమండలం ఇచ్చాడంటారు. "అంత దగ్గరోణ్ణి ఆ రోజే పంపడం తప్పే" అంది వదిన, అప్పుడే మొక్కు తీర్చుకుని వచ్చిన దేవుడి మీద.

డ్రైవరు రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా చెప్పాడు. వాళ్ల నాన్న పోయిన రోజు, ఇంట్లో అందరికీ అర్థమైపోయాక, వాళ్లమ్మ ఇతని చేతిలో డబ్బులు పెట్టి ఆళ్లగడ్డ పోయి మాత్ర తెమ్మందట. అప్పుడు పదో తరగతి. సైకిలు మీద పోయాడు.

"మందుల షాపాయన చీటీ యాది అన్నాడు. చీటీ ఇయ్యల్యా మాయమ్మ. మాత్ర పేరు గూడా చెప్పల్యా. ఆడ నిలబడినప్పుడే తెలిసిపోయింది నాకు."

"మరేం చేసినావు?" అంది వదిన.

"జరం మాత్ర ఒకటి కొనుక్కొని వచ్చినా."

"మీ అమ్మను అడగలేదా, ఎందుకు పంపినావని?"

"లేదమ్మా. ఆమెగూడా మాత్ర యాదిరా అని అడగల్యా."

మైదుకూర్లో భోజనానికి ఆగాం. రాగి సంగటి, పప్పు, గోంగూర. వదిన మా టేబుల్ దగ్గర కుర్చీ లాగి, ఇక్కడే కూర్చో నాయనా అని డ్రైవర్ని పిలిచింది. "మీరు తినండి అమ్మా" అని అతను లోపలి వరసలోకి పోయాడు. అక్కడ ఆళ్లగడ్డ వైపు డ్రైవరు ఇంకొకడు ఉన్నాడు, ఇద్దరూ ఏదో బండి టైర్ల ధరల గురించి గట్టిగా వాదించుకుంటూ మాకంటే ముందే తినేసి లేచారు.